మూడు నిమిషాల పొడి

మాది విడవలూరు దగ్గర, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు. హైవే పక్కన మాత్రల కంపెనీలో, పొడి కలిపే గదిలో కాంట్రాక్టు మీద పనిచేశాను. చేరిన మొదటి వారమే మా ఇన్‌చార్జి మొహం పక్కకు తిప్పుకుని, "రేపట్నుంచి బాగా సబ్బు రుద్దుకోని రా" అన్నాడు. కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా ముక్కుకూ మూతికీ ముసుగేసుకునే గది అది. ఆయనకు వాసన ముక్కులోంచి రాలేదు, మా ఊరి పేరులోంచి వచ్చింది.

పని చూడ్డానికి తేలిక. మందు పొడినీ పిండి పొడినీ స్టీలు డ్రమ్ములో పోసి ఇరవై నిమిషాలు తిప్పాలి. ఆఖర్న, మాత్రలు మిషనుకు అంటుకోకుండా ఒక జారుడు పొడి వేసి మూడంటే మూడు నిమిషాలు తిప్పాలి. ఎక్కువ తిరిగితే అది ప్రతి రేణువుకూ పట్టేస్తుంది. నూనె ఎక్కువైన పిండిలాగా ఇక నీళ్ళు పీల్చదు. మాత్ర పైకి నిక్షేపంగా ఉంటుంది, కడుపులో సరిగ్గా కరగదు.

ఆ రోజు కలిపింది బీపీ మాత్రల పొడి. జారుడు పొడి వేసి మూత బిగించాను గానీ, టైమరును ఇరవై నుంచి మూడుకు మార్చడం మరిచిపోయాను. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు. జల్లెడ కడుగుతూ గడియారం చూసి, పరుగెత్తి ఆపేసరికి పది నిమిషాలు తిరిగింది. ఇన్‌చార్జిని పిలిచి చెప్పాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"రికార్డులో మూడని రాసెయ్. ఎవురు చూసినారు?"

"నేను చూసినాను సార్."

"బ్యాచ్ పోతే నీ ఉద్యోగం పోతాది. నా తల మీదికొస్తాది."

"మూడని రాస్తే ఎవురి తల మీదికొస్తాదో మనకి ఎప్పటికీ తెలీదు."

"నీతులు చెప్పబాక. చేపలమ్మే దాని కూతురివి, నువ్వా నాకు చెప్పేది!"

ఒళ్ళు మండింది. "మాయమ్మ మొప్ప ఎత్తి చూపించి అమ్ముద్ది సార్. మెత్తబడిన చేపని మెత్తబడిందనే చెప్పుద్ది" అన్నాను. రికార్డులో పది అని రాసి సంతకం పెట్టాను. అంకె స్పష్టంగానే పడింది.

ఆ పొడితో చేసిన మాత్రలు పరీక్షలో సరిగ్గా కరగలేదు. బ్యాచ్ మొత్తం పారేశారు. వారం తర్వాత నన్ను ఆఫీసుకు పిలిచి, పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం ముందు పెట్టారు. కారణం, నిర్లక్ష్యం అని రాసుంది. నిజమే కాబట్టి కొట్టెయ్యలేదు. దాని కింద మాత్రం నా చేత్తో ఇంకో రెండు ముక్కలు రాశాను. పది నిమిషాలు తిరిగింది. ఇన్‌చార్జి మూడని రాయమంటే రాయలేదు.

సంతకం పెట్టి లేచాను. ఆ కింద ఇన్‌చార్జి సంతకం కూడా కావాలట. కాగితమూ పెన్నూ తీసుకెళ్ళి ఆయన చేతికే ఇచ్చాను.