సముద్రం వైపు పెట్టిన పొగగొట్టం

1961 మే నెలలో నన్ను గ్రామసేవికగా ఇందుకూరుపేట దాటాక సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక పల్లెలో వేశారు. మొదటి ఏడాది ప్రొబేషను. పొగలేని పొయ్యి ఒకటైనా కట్టి, బి.డి.ఓ. గారి చేత "పనిచేస్తోంది" అని రాయించుకుంటేనే ఉద్యోగం ఖాయం.

రమణమ్మ అనే రైతు ఇల్లాలు సరేనంది. ఆమె వంటగది ఎంత ఇరుకంటే, ఆమె కూర కలపాలంటే నేను బయటికి రావాలి. కుండలు పెట్టే కళ్ళు మూడున్న నమూనా పట్టదని రెండు కళ్ళది ఎంచుకున్నాను. ముందు కంటి కింద పెట్టిన మంట వెనక కంటిదాకా పోతుంది, పొగ మట్టిగొట్టంలోంచి బయటికి పోతుంది. తాటాకు కప్పు కాబట్టి గొట్టాన్ని గోడలోంచే తీయాలి. ఖాళీగా ఉన్నది తూర్పు గోడ ఒక్కటే. ఆఫీసు పటం ముందేసుకుని, అంగుళాలు కొలిచి కట్టాను. పాత పొయ్యిని నా చేత్తోనే పగలగొట్టాను. మట్టి ఆరాక ఒక పొద్దున సరుగుడు పుల్లలు వెలిగిస్తే పొగంతా బుద్ధిగా బయటికి పోయింది. నా అంతటి ఇంజనీరు జిల్లాలో లేడనుకున్నాను.

బి.డి.ఓ. గారు మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. మంట పెట్టగానే పొగ వెనక్కి తిరిగి గదంతా కమ్మింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ బయటపడ్డారు.

"పొయ్యి అంత నచ్చిందా అయ్యా, కండ్లనీళ్ళు పెట్టుకుంటా వుండారే?" అంది రమణమ్మ.

నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, ఏడుపొచ్చింది. పొగ ఉంది కాబట్టి ఎవరూ గమనించలేదు.

రమణమ్మ పెరట్లోంచి పక్కన చిల్లిపడ్డ పాత కుండ తెచ్చి, గొట్టం మూతికి తొడిగి, చిల్లిని ఉత్తరం వైపు తిప్పింది. సముద్రపు గాలి కుండ అడుగును కొట్టి ఊరుకుంది. పొగ చిల్లిలోంచి దారి చూసుకుంది.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పొద్దున పడమటిగాలి, మద్దేనం సముద్రపుగాలి. వడ్లు తూర్పారబట్టేదానికి ఆ మాత్రం తెలీదా తల్లీ? నువ్వు కాయితాన్ని అడిగినావు గానీ నన్ను అడగలా."

బి.డి.ఓ. గారు రిపోర్టులో "పొయ్యి పనిచేస్తోంది. కుండ మంజూరైన నమూనాలో లేదు" అని రాశారు. ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత ఏ ఇంట పొయ్యి కట్టినా, ఫారం అడుగున చేత్తో ఒక గడి గీసేదాన్ని: గాలి ఎటునుంచి, ఏ పూట? రిటైరయ్యేదాకా ఆ గడిని ఇంటావిడను అడగకుండా నింపలేదు.