లాభం, టూ, త్రీ

మా అత్త మునివెంకటమ్మ కొలత సేరు చేతబట్టాక ఆమె నోట ‘ఒకటి’ అన్న మాట ఎవరూ వినలేదు. మొదటి సేరుకు ‘లాభం’ అనేది, ఆ తర్వాత రెండు, మూడు. కాటన్‌పేట ధాన్యం మండీలో అందరిదీ అదే పద్ధతి. గింజ కొలిచేచోట మొదటి మాట మంచిదై ఉండాలని తాతల నాటి నుంచీ అలవాటు. మా అత్తయితే ఇంట్లో వంటకు బియ్యం తీసినా లాభమనే మొదలుపెట్టేది.

ఆమె అణిగిమణిగి ఉండే రకం కాదు. మామ పోయిన ఏడాదే మండీకి వెళ్ళి, మొగవాళ్ళు కొలిచేచోట సేరు పట్టుకుంది. ఆడదానికి ఇదేం పని అన్నవాణ్ణి, “మీ ఇంట్లో అన్నం కొలిచి వడ్డించేది ఎవురప్పా?” అని నోరు మూయించింది.

యుద్ధం మధ్యలో రేషన్ వచ్చింది. సర్కారు మా మండీని డిపో చేసింది. రాగులు కొలిచి రేషన్ అంగళ్ళకు ఇవ్వాలి. తెల్లవాళ్ళ పటాలం ఉండే దండు నుంచి ఒక దొరను తెచ్చి పైన కూర్చోబెట్టారు. ఆయనకు తెలుగూ రాదు, కన్నడమూ రాదు. కొలిచేవాళ్ళు లెక్కను ఇంగ్లీషులో గట్టిగా చెప్పాలి, తాను కుర్చీలో కూర్చుని విని వేళ్ళు ముడుచుకుంటాడు, అదీ హుకుం. వింటేనే నాకు ఒళ్ళు మండింది. రాగులు మావి, తినే నోళ్ళు మావి, లెక్క మాత్రం ఆయన చెవికి తగ్గట్టు ఉండాలట.

మండితే ఏం లాభం? నూలు దొరక్క నా మొగుడి మగ్గం మూలపడింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే అత్త కొలవాలి, నేను అదే డిపోలో రాగులు చెరగాలి. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివిన పాపానికి ఆమెకు లెక్క నేర్పే పని నా నెత్తిన పడింది. సంగటి కెలుకుతూ నేను చెప్పేదాన్ని, కారం నూరుతూ ఆమె అనేది. ‘ట్వెల్వ్’ దగ్గర నాలుక తిరక్క రుబ్బురాయిని తిట్టేది. వారం తిరక్కుండానే ఇరవై దాకా గడగడా అప్పజెప్పింది. వన్ మాత్రం అనలేదు.

“అత్తా, మొదట వన్ అనాల,” అన్నాను.

“ఆ జాగాలో లాభం ఉండాది కదా.”

“దొర ఒప్పుకోడు. పని పోతాది.”

“పోనీ. ఊరు తినే గింజకు మొదటి మాట పెట్టేది ఆయనా?”

నాకు భయం వేసింది. ఆమె మొండితనంతో వేగడం కొత్త కాదు గానీ, ఈసారి అది మా కంచాల దాకా వచ్చింది.

అనుకున్నంతా అయింది. మొదటి రోజు దొర ముందు అత్త సేరు నిండా రాగులు ముంచి, “లాభం” అని గొంతెత్తింది. “టూ. త్రీ.” దొర చెయ్యెత్తి ఆపాడు. ఆయన మొదటి వేలు ముడవకుండా అలాగే ఉంది. గుమాస్తా సుబ్బరాయుడు పరుగున వచ్చాడు. మా వీధివాడే, ధాన్యం వ్యాపారి కొడుకు. ఇంగ్లీషు చదివి కోటు తొడిగాడు.

“వన్ అను మునివెంకటమ్మా. ఒక్క మాటే కదా.”

“ఒక్క మాటే అయితే ఆయన్నే మార్చుకోమను అప్పా. మిగతా లెక్కంతా నేను మార్చుకోలేదా?”

దాన్ని సుబ్బరాయుడు ఇంగ్లీషులో ఎలా చెప్పాడో గానీ, దొర ముఖం కందగడ్డయింది. వన్ అనకపోతే ఇంటికి పొమ్మన్నాడు. అత్త సేరును ఖాళీ చెయ్యలేదు. అడుగున గుప్పెడు గింజలు ఉంచి నేలమీద పెట్టింది. ఖాళీ కొలత పెట్టిపోవడం మాలో లేదు.

“నువ్వు ఉండు పిల్లమ్మా. ఇద్దరమూ పోతే తినేదేమి?” అని నాతో అని, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు, కోపంతో వచ్చిన ఏడుపు.

దొర చిక్కమునియప్పను పిలిపించాడు. మండీలోనే ముసలివాడైన మనిషి, పాపం ఆయనకూ పని కావాలి. వన్, వన్ అని గొణుక్కుంటూనే వచ్చాడు. సేరు ముంచి పైకెత్తి “లాభం” అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. మళ్ళీ ముంచమన్నారు. మళ్ళీ లాభమే వచ్చింది. బయట అంగళ్ళవాళ్ళు బండ్లు కట్టుకుని గొణుగుతున్నారు.

దొరకు ఓపిక పోయింది. సుబ్బరాయుణ్ణే కొలవమన్నాడు. సుబ్బరాయుడు కోటు చేతులు మడిచి, సేరు నింపి, వాళ్ళ నాన్న అంగట్లో చిన్నప్పుడు చేసినట్టే అరచేత్తో పైన చదును చేశాడు.

“లాభం,” అన్నాడు.

నేను చేట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సుబ్బరాయుడు కాసేపు చేతిలోని సేరునే చూశాడు. తర్వాత గింజలు గోనెలో పోసి, దొర వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. భయపడుతూ అనలేదని నాకు తెలుసు.

“ఏమన్నావప్పా?” అని తర్వాత అడిగాను.

“ఈడ మొదలు ఇట్లే సార్, నాకూ వేరేది రాదు అన్నాను.”

మర్నాడు అత్తకు పిలుపు వచ్చింది. పిలవగానే పరిగెత్తే మనిషా? సంగటి తిని, తల దువ్వుకుని, మెల్లగా వచ్చింది. సేరు అడుగున గుప్పెడు గింజలు ఉన్నాయో లేదో చూసింది. ఉన్నాయి. సుబ్బరాయుడే ఉంచాడు.

“లాభం,” అంది, నిన్నటికంటే గట్టిగా.

గింజలు మాత్రం పోయలేదు. నిండిన సేరును అలాగే ఎత్తిపట్టుకుని దొర చేతినే చూస్తూ నిలబడింది. దొర ఆమెను చూశాడు, సుబ్బరాయుణ్ణి చూశాడు, బయట బండ్లను చూశాడు. మొదటి వేలు ముడిచాడు.

అత్త రాగులు గోనెలో పోసి, “టూ” అంది.