నడిపి గబ్బిలం

మదనపల్లెలో నేను కాంట్రాక్టు లెక్చరర్‌ని. ఏటా వేసవిలో ఉద్యోగం పోతుంది, వానలతో పాటు తిరిగొస్తుంది. ఈ రాకపోకలు ఆగాలంటే పీహెచ్‌డీ రావాలి. అది రావాలంటే ఒక గబ్బిలం ఏ జాతిదో తేలాలి.

పాత ఇళ్ల చూరుల్లో ఉండే పసుపు పొట్ట గబ్బిలాల్లో రెండు జాతులు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ముంజేయి కొలిస్తే ఏదో తెలిసిపోతుందని పుస్తకాలు అంటాయి. మా వైపు ఉండేది ఏదన్న దగ్గరే పేచీ. ఒక పాత పుస్తకం కుప్పంలో పెద్దది దొరికిందని రాసింది. దాన్ని చూసి రాసిన మరో పుస్తకం అదే గబ్బిలాన్ని చిన్నదంది, ఊరు మదనపల్లె అంది. రెక్క ఆడించకుండా అంత దూరం వచ్చిన గబ్బిలం బహుశా అదొక్కటే. కుప్పం వెళ్లి చూశాను. పుస్తకం చెప్పిన రాతిమండపంలో కొందరు పేకాడుతున్నారు. వాళ్ల ముంజేతులు కొలవలేదు.

చివరికి పుంగనూరులో ఒక చింతపండు వ్యాపారి గోడౌనులో అవి ఉన్నాయని తెలిసింది. అప్పటికి థీసిస్ ఇవ్వడానికి నా గడువు సోమవారంతో సరి. శుక్రవారం సాయంత్రం వెళ్లాను. గోడౌనుకు వీధి వైపు ఉన్న షట్టరు తుప్పుపట్టి ఎప్పుడో బిగుసుకుపోయింది. వాళ్లింటి వెనక తలుపే దారి. నిచ్చెనెక్కి, చూరులో ఒకదాన్ని పట్టి గుడ్డసంచిలో వేసుకున్నాను. దిగేసరికి తలుపు మూసి ఉంది. తట్టాను.

"ఎవురప్పా ఆడ?" వ్యాపారి భార్య గొంతు.

"నేనమ్మా, గబ్బిలాల సారును."

"అయ్యో, ఇంకా ఆన్నే ఉండావా? దీపం పెట్టేసినా సారూ. దీపం ఎలుగుతాంటే ఎనక తలుపు తీస్తే లచ్చిమి ఎల్లిపోతాది."

"పోయేది నేనమ్మా, లక్ష్మి కాదు."

"నువ్వు పోతే మాకేం నష్టం? ఆయమ్మ పోతేనే కష్టం. దీపం కొండెక్కినాక తీస్తా, కూసోనుండు."

"ఎప్పుడు కొండెక్కుతుంది?"

"శుక్రారం కదా. నిండుగా పోసినా నూనె."

చింతపండు బస్తా మీద కూర్చుని, ఫోను వెలుగులో కాలిపర్‌తో దాని ముంజేయి కొలిచాను. పెద్దదానికి తక్కువ, చిన్నదానికి ఎక్కువ. మళ్లీ కొలిచాను. గబ్బిలం మాట మార్చలేదు.

ఇంతలో మా గైడు ఫోన్ చేశారు. "ఏమప్పా, తేలిందా?"

"మధ్యలో ఉంది సార్."

"మధ్యలో అనే జాతి లేదు. పెద్దదో చిన్నదో ఒకటి రాయి, సంతకం పెడతా. యాల సతాయిస్తావు?"

సంతకం పెడితే వేసవిలోనూ ఉద్యోగం ఉంటుంది. కాలిపర్ కాస్త బిగిస్తే చిన్నది, కాస్త వదిలితే పెద్దది. నా బతుకంతా ఆ కాస్తలోనే ఉంది. పులుపు వాసనకు కళ్లు మండాయి. బిగించలేకపోయాను, వదల్లేకపోయాను.

చూరు సందులోంచి మిగతా గబ్బిలాలు ఒక్కొక్కటే బయటికి పోతున్నాయి. నా చేతిలోది కిచకిచమంటోంది. లోపలున్న ఇద్దరిలో దారి ఉన్నది దానికే. వదిలేశాను. అది నా వైపు చూడనైనా చూడకుండా వెళ్లింది.

దీపం కొండెక్కాక తలుపు తెరుచుకుంది.

"తేలిందా సారూ?" అందామె.

"పెద్దదీ కాదమ్మా, చిన్నదీ కాదు."

"అట్లయితే నడిపిది. మా పుట్టింట్లో అక్కకూ చెల్లెలికీ నడమ నేనూ నడిపిదాన్నే. నాకు పెండ్లి కాలేదా ఏం?"

ఈ సంగతి మా గైడుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. సోమవారం 'జాతి నిర్ధారణ కాలేదు' అని రాసి ఇచ్చాను. ఆయన సంతకమూ పెట్టలేదు.

ఈ వేసవిలోనూ ఉద్యోగం పోయింది. వానలు మొదలయ్యాయి. కాలేజీ నుంచి ఇంకా కబురు రాలేదు.