మామగారి టిప్పు విచారణ

హోటల్ సూపర్‌వైజర్‌కి ఒక మామగారున్నారు. ఆయన బంగారంలాంటి మనిషే గాని, విచారణ జరపకుండా ఎవరికీ టిప్పు ఇవ్వలేరు.

ఆయన ఓడల్లో వంటవాడిగా దేశదేశాలు తిరిగారు. ఒక రేవులో భోంచేసి బల్లమీద చిల్లర వదిలి వస్తే, వడ్డించినవాడు వీధి చివరిదాకా పరుగెత్తుకొచ్చి, మొహం కందగడ్డలా చేసుకుని తిరిగిచ్చేశాడు. అక్కడ అది అవమానమట. బుద్ధి తెచ్చుకుని మరో రేవులో ఏమీ ఇవ్వకుండా లేచొస్తే అక్కడివాడూ వెంటపడ్డాడు, ఈసారి ఇవ్వనందుకు. అప్పటినుంచి వెనకాల అడుగుల చప్పుడైతే చాలు, చెయ్యి జేబులో పెట్టాలో తియ్యాలో ఆయనకు తెలియదు.

అందుకే అందరినీ అడిగేస్తారు. మంగలి షాపులో సగం గడ్డంతో లేచి కూర్చుని, ఇస్తే బాధపడతావా, ఇవ్వకపోతే బాధపడతావా అంటారు. పన్ను పీకిన డాక్టరునీ వదల్లేదు. బ్యాంకులో అడిగితే గుమస్తా హడలిపోయి మేనేజర్ని పిలిచాడు. ఆయనతో బయటికెళ్తే తల ఎక్కడ పెట్టుకోవాలో అల్లుడికి తెలిసేది కాదు.

అలాంటి మామగారు ఓ మధ్యాహ్నం అల్లుడి హోటల్‌కే భోజనానికొచ్చారు. టిప్పు తీసుకున్నవాణ్ణి అక్కడికక్కడే తీసేస్తానని యజమాని ఆ వారమే చెప్పాడు. పైగా కౌంటర్ దగ్గరే కూర్చుని చూస్తున్నాడు. వడ్డించేదేమో ఇద్దరాడపిల్లల తండ్రి, మోకాళ్ల నొప్పుల మనిషి.

మామగారు భోంచేసి, చెయ్యి కడుక్కొచ్చి విచారణ మొదలుపెట్టారు.

"ఇస్తే బాధపడతావా నాయనా?"

"నా ఉద్యోగం పోతుంది సార్," అన్నాడతను మెల్లగా.

ఏ రేవులోనూ మామగారికి ఈ జవాబు ఎదురవలేదు. తల గోక్కుని, ఇంతకీ నువ్వు తిన్నావా అని అడిగారు. అందరి భోజనాలూ అయ్యాక తింటానన్నాడతను. మామగారు ఇంకో భోజనానికి డబ్బు కట్టి, అతణ్ణి బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి, గరిటె లాక్కుని తానే వడ్డించసాగారు.

యజమాని లేచొచ్చి, ఇదేం పద్ధతని అల్లుణ్ణి నిలదీశాడు.

"ఆయన తన అతిథికి భోజనం పెడుతున్నారండీ," అన్నాడు అల్లుడు. "టిప్పు ఎవరూ తీసుకోలేదు."

యజమాని తన నియమాన్ని తానే అటూ ఇటూ తిరగేసి చూసుకున్నాడు. తప్పు పట్టే చోటు దొరక్క వెళ్లి మళ్లీ కౌంటర్ దగ్గర కూలబడ్డాడు.

ఎదుటివాడి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనన్న బెంగే ఆ ప్రశ్నలన్నిటికీ మూలమని అల్లుడికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ పక్కన నడవడానికి సిగ్గుపడ్డ మనిషి మీద ఉన్నట్టుండి ప్రేమ పొంగుకొచ్చింది.

వడ్డించే మనిషి తృప్తిగా తిని లేచి, మామగారి వైపు మొహమాటంగా చూశాడు.

"ఇప్పుడు నేను మీకేమైనా ఇచ్చుకోవాలా సార్?"

మామగారు చేతిలో గరిటెతోనే దిక్కుతోచక అల్లుడి వైపు తిరిగి, ఈ ఊళ్లో పద్ధతేమిటని గుసగుసగా అడిగారు.