"ఎడిటింగ్ మోడ్", ఒక్కసారే: మా యాదగిరి అన్న

నిన్న పొద్దున ఫోన్. యాదగిరి అన్న లేడట.

పెట్టేసేలోపు ఇంకో ఫోన్. అదే మాట. తర్వాత గ్రూపులో మెసేజ్‌లు. ఫోన్ ఒక్కోటీ చదివి వినిపిస్తూనే ఉంది.

ఎన్నిసార్లు విన్నా నమ్మబుద్ధి కాలేదు. మొన్న సాయంత్రమే కదా మాట్లాడాడు! గుండెపోటట.

తెలియనివాళ్ల కోసం: అన్న అమీర్‌పేటలో జిరాక్స్ షాపు పైన ఒక గదిలో, నాలాంటి చూపులేనివాళ్లకి కంప్యూటర్ నేర్పేవాడు. ఆయనకీ చూపు లేదు. కోపం మాత్రం దండిగా ఉండేది.

ఆ కోపమంతా స్క్రీన్ రీడర్ మీదే. స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. వర్డ్ ప్రాసెసర్‌లో చదివే మోడ్ నుంచి రాసే మోడ్‌కి మారగానే "ఎడిటింగ్ మోడ్" అనేది.

వెంటనే మళ్లీ, "ఎడిటింగ్ మోడ్."

అది చాలక, "డాక్యుమెంట్, ఎడిటింగ్ మోడ్."

"ఇన్న తల్లీ, ఇన్న! నాకు లేంది చూపు, చెవులు మంచిగనే ఉన్నయ్!" అని దాని మీద అరిచేవాడు. క్లాసంతా ఒకటే నవ్వు.

నాకు మాత్రం అది నవ్వులాట కాలేదు. ఎర్రమంజిల్‌లో కొత్తగా ఉద్యోగం. సార్ డిక్టేట్ చేస్తుంటే పాత లైను విని, మోడ్ మార్చి, టైప్ చెయ్యాలి. ఇది వాగడం ఆపేలోపు సార్ మాటలు జారిపోయేవి. దాని నోరు నొక్కేస్తే లైను చదవడమూ ఆగిపోయేది.

"నీకు కష్టమమ్మా, ఫోన్లెత్తే సీటుకి మార్చేస్తాం" అన్నారు. చూపు లేదనగానే అందరికీ గుర్తొచ్చే సీటు అది. వెంటనే అన్నకి ఫోన్ చేశాను.

మర్నాడే మెట్రో దిగి, కర్ర తాటించుకుంటూ మా ఆఫీసుకే వచ్చేశాడు. నా హెడ్‌ఫోన్స్ పీకించి, స్పీకర్ పెద్దగా పెట్టించాడు.

"సార్, జర మీరు చెప్పున్రి. మా చెల్లె రాస్తది. నడుమ గిదెంత లొల్లి జేస్తదో మీరు సుత ఇనున్రి."

సార్ రెండు వాక్యాలు చెప్పి తనే ఆగిపోయారు. "ఈ గోలలో నేనైనా రాయలేనయ్యా" అన్నారు. ఆ రోజు నుంచి నాకు ఆగి ఆగి చెప్పేవారు. నా సీటు నిలిచింది.

అన్న అక్కడితో వదల్లేదు. ఆ గోలంతా రికార్డు చేసి సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్లకి పంపాడు. జవాబు లేదు. మళ్లీ పంపాడు. మళ్లీ.

"నువ్వూ ఒకే మాట పదిసార్లు చెబుతున్నావు కదన్నా" అని ఏడిపించాను.

"దాని దగ్గర్నే నేర్చుకున్న" అన్నాడు.

మొన్న అప్‌డేట్ వచ్చింది. అన్నకి ఫోన్ కలిపి, స్పీకర్ దగ్గర పెట్టి మోడ్ మార్చాను.

"ఎడిటింగ్ మోడ్."

అంతే. ఒక్కసారే.



"చెల్లె... ఇంకొక్కసారి ఇనిపియ్యి."

వినిపించాను. "ఇంకోసారి" అన్నాడు. రెండోసారి వింటే ఒళ్లు మండే మనిషి, అలా అడుగుతూనే ఉన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఒక వాయిస్ మెసేజ్. "మస్తు ఖుషీ అయింది చెల్లె. రేపు పంజాగుట్టల చాయ్ తాగుదాం, వస్తవ్ గదా?"

ఇప్పుడు ఈ పోస్ట్ రాద్దామని మోడ్ మార్చాను. ఒక్కసారే చెప్పి ఊరుకుంది. దాన్ని తిట్టడానికి నువ్వు లేవు.

నీ వాయిస్ మెసేజ్ పెట్టుకుని విన్నానన్నా. మళ్లీ పెట్టుకున్నాను. ఒక్కసారి చాలడం లేదు.

సెలవన్నా. ఏ లొల్లీ లేని చోట నీ మనసు హాయిగా ఉండాలి.