అడిగేందుకు ఒక కిటికీ

నేరేడుచర్లలో తవుడు వ్యాపారం చేసే నాగభూషణం బ్యాంకుకు పోయాడంటే గొడవ పడకుండా తిరిగి రాడు. కనుబొమ్మల మీద తవుడు పొడి, మెడలో చెమటకు తడిసిన తువ్వాల, కాళ్లీడ్చే నడక. చూసినవాళ్లు పాపం పెద్దమనిషి అనుకుంటారు. కిటికీ ముందుకు రాగానే మాత్రం గొంతు లేస్తుంది. మెసేజీలకని పద్దెనిమిది రూపాయలు కట్ చేశారని ఒకసారి, సంతకం కలవలేదని తిప్పి పంపారని ఇంకోసారి. క్యాషియర్ వందన విసుక్కుంటూనే సర్దిచెబుతుంది. ఆయన గొణుక్కుంటూ మెట్లు దిగుతాడు.

ఆ విసుగుతోనే పోయినేడు డిపాజిట్ మొత్తం తీసి, మిర్యాలగూడలో తోటి వ్యాపారి ఒకాయన చూపించిన క్రిప్టో యాప్‌లో పెట్టాడు. అందులో లైను లేదు, సంతకం లేదు, కోతల్లేవు. రోజూ అంకె పెరిగేది. పోయిన వారం యాప్ తెరుచుకోలేదు. చూపించినాయన కూడా అంతా పోగొట్టుకుని మంచం పట్టాడు. పోలీసులు కంప్లైంటు రాసుకుని పంపేశారు.

ఇవాళ నాగభూషణం మళ్లీ బ్యాంకు లైన్లో నిలబడ్డాడు. కిటికీ దగ్గరికొచ్చినా గొంతు లేవలేదు.

"నా పైసలు ఏడికి పోయినయమ్మా?"

వందన కంప్యూటర్‌లో చూసింది. "పోయినేడే మీరే తీసుకపోయిండ్రు గదా సేటూ. ఇక్కడేం పోలే."

"ఎరుకే బిడ్డా. గాడ అడుగుదామంటే కిటికీ లేదు."

వెనకవాళ్లు జరగమంటున్నారు. ఆయన కిటికీ చువ్వ పట్టుకుని, జవాబు కోసం అక్కడే నిలబడ్డాడు.