తిరగేసి చదివిన బొమ్మల పుస్తకం

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా అత్త పిల్లకు దిష్టి తీస్తానని ఎండుమిరపకాయలు పక్కన పెట్టుకుంటే, వాటిని పట్టుకెళ్ళి తాలింపులో వేసే రకాన్ని. పదో తరగతి పాసయ్యానన్న పొగరు కూడా కొంత ఉండేది. ఇది చదివి ఎవరైనా నన్ను పిచ్చిదంటే అననివ్వండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎనభైల చివర్లో మేం సారపాకలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన అక్కడి కాగితం మిల్లుకు వెదురు లారీ నడిపేవాడు. నాది అదే మిల్లులో చిత్తుకాగితం ఏరే షెడ్డులో కాంట్రాక్టు పని. ఏవేవో దేశాల నుంచి కాగితం మోపులు వచ్చేవి. తీగలు తెంపి, ప్లాస్టిక్కూ పిన్నులూ ఏరి పారేస్తే, మిగిలింది ఉడికి గుజ్జయ్యేది. అక్కడి నుంచి ఒక్క కాగితం కూడా ఇంటికి తీసుకెళ్ళకూడదు. నేను ఒక పుస్తకం చీరలో దోపుకుని తెచ్చాను. దాచేదేముంది, దొంగతనమే.

ఇటుకంత మందం పుస్తకం. జపాన్‌దని తర్వాత ఎవరో చెప్పారు. ఒక్క అక్షరం అర్థం కాదు, నిండా నల్ల సిరా బొమ్మలే. అందులో ఒక భూతం ఉంది. కుండలాంటి ఒళ్ళు, కడుపు మీద నోరు, నోటి నిండా కోరలు. కానీ చేతిలో చిన్న పూల గొడుగు, కాళ్ళకు లేసులు కట్టిన బూట్లు. అడవిలో చెట్లకు మోకాళ్ళున్నాయి. పుట్టగొడుగులు చెప్పులేసుకుని వరసగా నడుస్తుంటాయి. చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది, మళ్ళీ చూస్తే నవ్వొస్తుంది. అంత వికారమైన దాన్ని అంత ముద్దుగా ఎవరు గీశారో గానీ, వాళ్ళ చేయి చల్లగుండాలి అనుకున్నాను.

మా శైలజకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పుస్తకం చేతిలో లేకుండా అన్నం తినేది కాదు. భూతానికి గొడుగు మామ అని పేరు పెట్టింది. కథ కూడా తనే అల్లింది. మొదటి పేజీలో మామ మూసిన నోట్లోంచి ఒక పిల్ల జడ వేలాడుతుంటుంది. తర్వాత నోరు తెరుచుకుంటుంది, పిల్ల బయటికొస్తుంది. అడవి దాటి, ఏరు దాటి, చివరి పేజీలో ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని అన్నం తింటుంది. గొడుగు మామ పిల్లను కక్కేసి ఇంటికి సాగనంపాడన్నమాట. మేమిద్దరం ఆ చివరి పేజీ దగ్గర ప్రతిసారీ నవ్వేవాళ్ళం.

ఆ వర్షాకాలం శైలజకు మలేరియా వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని రెండు రోజులు నేనే మాత్రలు మింగించాను. మూడో రోజు పిలిస్తే పలకలేదు. మా ఆయన లారీలోనే గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. జ్వరం మెదడుకెక్కింది అన్నారు. సెలైన్ పెట్టారు. పిల్లను గోడవైపు తిప్పి పడుకోబెట్టారు. రెండు రోజులు కన్ను తెరవలేదు. డాక్టరమ్మ నా భుజం మీద చేయి వేసి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మా ఆయన ఇంటికెళ్ళి బట్టలతోపాటు ఆ పుస్తకం కూడా తెచ్చాడు. నేను పిల్ల చెవి దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాను. లేని మాటలు ఏం చదువుతాం? బొమ్మ చూసి చెప్పడమే. జడ కనిపిస్తోంది, నోరు తెరిచాడు, దిగు తల్లీ, నడువు తల్లీ, అదిగో ఏరు, అదిగో మన ఇల్లు. అయిపోగానే మళ్ళీ మొదటికి. గొంతు పోయినా ఆపలేదు. ఆపితే అయిపోతుందని భయం.

ఆ మధ్యాహ్నం మా వెనక మంచానికి ఒక పిల్లను తెచ్చారు. ఆరేళ్ళుంటాయి, పేరు రాజి. అదే జ్వరం, కానీ తెలివి వస్తూ పోతూ ఉంది. కొత్తగా చెవులు కుట్టించినట్టున్నారు, రంధ్రాల్లో వేపపుల్లలు ఉన్నాయి. తల్లి ముత్తమ్మది పర్ణశాల అవతల అడవిలో ఒక గూడెం. పిల్లతో వాళ్ళ భాషలో మాట్లాడేది, నాతో తెలుగులో.

“అక్కా, నా బిడ్డకు గూడ జర సదువవా?” అంది.

నాకు ఒళ్ళు మండింది. నా పిల్లకే చాలని మాటలు ఇంకొకరికి ఎక్కడివి? “అన్నీ బొమ్మలే, నువ్వే చూపియ్యి” అని పుస్తకం ఆమె చేతిలో పెట్టి, అప్పటికే కంఠతా వచ్చిన కథను శైలజ చెవిలో చెబుతూ పోయాను.

ముత్తమ్మకు చదువు రాదు. రంగుల బొమ్మ ఉన్న అట్ట వైపు నుంచి తెరిచింది. మేం ఎప్పుడూ రెండోవైపు నుంచి, మన పుస్తకాల్లాగా తెరిచేవాళ్ళం. తిరగేసి పట్టుకుందని చూశాను. చెప్పబుద్ధి కాలేదు. తన భాషలో ఏదో చెబుతూ, అమ్మ పక్కన అన్నం తింటున్న పిల్ల దగ్గర మొదలుపెట్టి, జడ వేలాడే నోటి దాకా తిప్పింది. మధ్యలో రాజి ఒకసారి నవ్వింది కూడా.

తెల్లారి పది గంటలకు రాజి పోయింది. పుస్తకం మా మంచం మీద పెట్టి, పిల్లను భుజాన వేసుకుని ముత్తమ్మ వెళ్ళిపోయింది. నేను లేచి ఆమె చేయి పట్టుకోనైనా లేదు.

పన్నెండు గంటలకు శైలజ కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది. రెండు గుక్కలు తాగి నెమ్మదిగా చెప్పింది.

“అమ్మా, దారిల ఒక పిల్ల ఎదురొచ్చింది. చెవులల్ల పుల్లలున్నయ్. గటు పోకు, మామ గాడనే ఉన్నడని చెప్పిన. ఇనకుండ పోయింది.”

వెనక మంచం అప్పటికే ఖాళీ. రాజిని తెచ్చినప్పటి నుంచి తీసుకెళ్ళేదాకా నా పిల్ల ముఖం గోడవైపే ఉంది. నర్సును అడిగాను, మా ఆయన్ను అడిగాను. ఆ పిల్ల సంగతి శైలజకు ఎవరూ చెప్పలేదన్నారు. మగతలో మా మాటలు విన్నదేమో అని కూడా ఆలోచించాను. పుల్లల గురించి మేం మాట్లాడుకోనేలేదు.

ఇంటికొచ్చాక పుస్తకం మొదటిసారి జాగ్రత్తగా చూశాను. అక్కడక్కడా పేజీ అడుగున నువ్వుగింజంత అంకెలున్నాయి. మేం మొదటివనుకున్న పేజీలకు వందలు దాటిన అంకెలు, పోనుపోను తగ్గి చివర్న రెండు, ఒకటి. జపాన్ పుస్తకాలు మనకు వెనక అనిపించే వైపు నుంచే మొదలవుతాయట. పుస్తకాన్ని చదవాల్సినట్టు చదివింది ముత్తమ్మ. తిరగేసి చదివింది మేం. అసలు కథలో ఆ పిల్ల ఇంటికి రాదు.

నాలుగు నెలల తర్వాత భద్రాచలం సంతలో ముత్తమ్మ కనిపించింది. నేను తప్పుకోబోయాను. ఆమే వచ్చి చేయి పట్టుకుంది.

“బిడ్డ మంచిగున్నదా అక్కా? ఆ పుస్తకంల అమ్మకాడ కూసోని బువ్వ తినే బొమ్మ ఉంటది సూడు, నా బిడ్డ నవ్వింది దానికే. ఆ ఒక్క కాయితం చింపియ్యవా?”

పుస్తకం పారేశానని చెప్పాను. అది మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. సరేలే అక్కా అని, నా బుట్టలో రెండు సీతాఫలాలు వేసి వెళ్ళింది.

శైలజకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ రోజు దానికి ఎదురొచ్చింది ఎవరో, ఏ దారిలోనో, ఇన్నేళ్ళుగా నాకు అంతుపట్టలేదు. ఆ కాగితం ఇవ్వాలని తర్వాత రెండుసార్లు పెట్టె తెరిచాను. చింపితే నా బిడ్డ నడిచొచ్చి చేరే చోటు ఉండదనిపించి, మళ్ళీ మూసేశాను.